కూతురి జబ్బు, తల్లి పేరు

వరహాలమ్మకు తల దిండుకు ఆనితే చాలు, గుర్రు. అయినా ఆ హిందీ ఊళ్లో, రైల్వే వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ ఆసుపత్రి చీటీల్లో ఆవిడ నిద్ర పట్టని మనిషి, దిగులు మనిషి. ఆ దిగులు నిజానికి కూతురు ఫణిశ్రీది. పెళ్లి కావలసిన పిల్లకు మనసు బాగాలేదని తెలిస్తే కాలనీలోని శ్రీకాకుళం వాళ్లలో తలెత్తుకోలేమని, పిల్ల బాధను తన బాధగా చెప్పుకుని మందులు తెచ్చేది. రైలు వ్యాగన్లు బాగుచేసే షాపులో పనిచేసే మొగుడు పరదేశి దీన్ని గొప్ప తెలివనుకున్నాడు. తెలివట, తెలివి!

ఆవిడ చెప్పింది సగమే. పిల్ల మంచం దిగడం లేదనీ తిండి మానేసిందనీ, అవి తనకే అన్నట్టు చెప్పింది. స్నేహితురాలు ఫోనెత్తకపోతే లోకం కూలినట్టు ఏడుస్తుందనీ, పొద్దున దేవతన్న మనిషిని సాయంత్రానికి దెయ్యమంటుందనీ, తన చెయ్యి తనే కోసుకుంటుందనీ ఎలా చెబుతుంది? అంత వయసు మనిషి చెబితే నమ్ముతారా? మింగేసింది. మందులు మారాయి, పిల్ల మారలేదు.

ఫణిశ్రీ చావు అంచుదాకా వెళ్లి వచ్చాక, దేవేంద్ర నగర్‌లో మనసు జబ్బులు చూసే డాక్టర్ చాందిని దగ్గరికి తీసుకెళ్లక తప్పలేదు. ఆవిడ హిందీలో నిదానంగా చెప్పింది. ఇవి రెండు జబ్బులు, ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. దిగులుకు మాత్రలిస్తాను. అందరూ వదిలేస్తారన్న భయం మాత్రలతో పోదు, వారం వారం వచ్చి మాట్లాడాలి.

ఫణిశ్రీ వానాకాలమంతా క్లినిక్‌కు వెళ్లింది. కోపం ముంచుకొస్తే చెప్పి పక్కగదిలోకి వెళ్లడం నేర్చుకుంది. ఒకనాడు తల్లికి టీ పెట్టి ఇచ్చింది. వరహాలమ్మకు ఆ టీ తాగుతుంటే ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

దీపావళి ముందు తల్లీకూతుళ్లు క్లినిక్ బెంచీ మీద కూర్చుని ఉండగా, కాలనీలోని నూకరాజు పెళ్లాం ఎదురుపడింది.

"ఏటి వరాలొదినా, ఇక్కడున్నావు? ఎవులికి బాగునేదు?"

"నాకేనమ్మా. నిద్దర పట్టట్లేదు. ఫణి తోడొచ్చింది, బస్, అంతే," అంది వరహాలమ్మ. అలవాటైపోయిన నోరు.

నూకరాజు పెళ్లాం వెళ్లిపోయింది. ఫణిశ్రీ అరవలేదు. అరిచినా బాగుండేది.

"నానున్నానని చెప్పుకోడానికే నీకు సిగ్గేటమ్మా?"

అని లేచి వీధిలోకి నడిచింది. లోపలి నుంచి ఫణిశ్రీ పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు.

ఆ తర్వాత ఎంత బతిమాలినా ఆ పిల్ల ఆ గడప తొక్కలేదు. వరహాలమ్మే ఒక్కతీ వెళ్లి, ఏదీ దాచకుండా, పిల్ల చేతి మీది గాట్లతో సహా చెప్పుకుంది. డాక్టర్ చాందిని చివరిదాకా విని, "ఇవన్నీ ఆ అమ్మాయి నోట వినాలి," అంది.