దగ్గర్లోనే ఉన్నా

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఊళ్ళో సగం మేడల తాళాలు వాడి నడుముకే వేలాడుతుంటాయి. చిన్నప్పుడు గోడెక్కమంటే కళ్ళు తిరిగి ఏడ్చినవాడు, పెద్దయ్యాక మేడల నెత్తిన కూర్చుని గ్రీజు చేతులతో అన్నం తింటాడని నేను కలలో కూడా అనుకోలేదు. సరే, ఎవరి రాత వాళ్ళది.

వాడి పనిలో ఒక పద్ధతుంది. లిఫ్టులో మనిషి ఇరుక్కున్నాడని ఫోనొస్తే ముందు మిషను దగ్గరికి పోడు. ఆ అంతస్తుకి పోయి, తలుపు మీద వేళ్ళతో కొట్టి, "దగ్గర్లోనే ఉన్నా, వచ్చేస్తున్నా" అంటాడు. ఆ తర్వాతే పైనున్న మిషను గదికి మెట్లెక్కుతాడు. ఎక్కుతూ కూడా అంతస్తు అంతస్తుకీ ఆగి అదే మాట అరుస్తాడు. పని నేర్పిన మేస్త్రీ చెప్పాడట: "ఇరుక్కున్నవాడికి టైము చెప్పకురా, లెక్కలేసుకుని ఏడుస్తాడు. వస్తున్నానని చెప్పు, చాలు."

"అబద్ధాలాడి కూలి తీసుకుంటావేంట్రా?" అని నేను ఏడిపించేదాన్ని.

"అబద్ధం కాదక్కా, కాస్త ముందుగా చెప్పిన నిజం" అనేవాడు.

వాడికీ మా మరదలికీ పిల్లల్లేరు. మరదలు బట్టల కొట్లో బిల్లులు కొడుతుంది, నోట్లో నాలుక లేని మనిషి. ఉన్న ఊళ్ళో దత్తతకి వరస చాంతాడంత ఉందనీ, వేరే దేశం నుంచైతే తొందరగా అవుతుందనీ ఎవరో మహానుభావుడు వాళ్ళ చెవిలో ఊదాడు. తొందరగా! ఆ మనిషి ఎప్పుడైనా ఎదురుపడితే నేనేమంటానో నాకే తెలీదు.

దత్తత ఆఫీసువాళ్ళు ఒక ఫొటో చూపించారు. అప్పుడప్పుడే నడక నేర్చిన ఆడపిల్ల. పేలు పడ్డాయని తల నున్నగా గీయించేశారట. "ఓసి గుండూ!" అన్నాను. మరదలు మూతి ముడుచుకుంది గానీ, వారం తిరక్కుండా తనే "మన గుండు" అనడం మొదలెట్టింది. తర్వాత ఆ పిల్లకి రెండు జడలొచ్చినా మాకు గుండే. మరదలు వెనక గది కడిగి చిన్న మంచం వేయించింది. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, మర్నాడు నేనే పోయి పూల దుప్పటి కొనుక్కొచ్చాను. మేనత్తని, ఊరికే ఎలా ఉంటాను?

అక్కణ్ణుంచి మొదలైంది మా తిరుగుడు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టే అయింది. పోలీసుల కాగితం వచ్చేసరికి డాక్టరు కాగితానికి గడువు తీరిపోయేది. డాక్టరు కాగితం మళ్ళీ తెచ్చేసరికి ఇల్లు చూసిపోయిన ఆఫీసరమ్మ రాసింది పాతబడిపోయేది. ఆవిడ మళ్ళీ వచ్చి అదే మంచం, అదే దుప్పటి చూసి, "బాగుందండీ" అని మళ్ళీ రాసుకునేది. ఈలోగా ఆ దేశంలో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళు ఫైళ్ళన్నీ ఆపేశారు. ఎప్పుడు కదులుతాయని అడిగితే ఆఫీసరమ్మ, "ఓపిక పట్టాలండీ" అనేది. పడుతూనే ఉన్నాం కదమ్మా, ఇంకేం పట్టమంటావు?

ఒక్క సుఖం ఏమిటంటే, నెలకోసారి ఫోన్లో ఆ పిల్లని చూడనిచ్చేవారు. దాని మాటలు తెలుగులోకి మార్చి చెప్పడానికి ఆఫీసులో ఒకమ్మాయి ఉండేది. మావాడికి అది చాల్లేదు. ఆ భాషలో రెండు మాటలు ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకున్నాడు. మొదటిది, "దగ్గర్లోనే ఉన్నా, వస్తున్నా." పనిలో పైకీ కిందికీ తిరుగుతూ దాన్నే వల్లె వేశాడు. రెండోది, "వచ్చేశాను."

"ఏదీ, అదీ అను" అన్నాను. నా ముందు ఒక్కసారి అని సిగ్గుపడ్డాడు. "ఇది దాని గుమ్మంలో నిలబడి అనాలక్కా. అప్పటిదాకా అనను."

మొదటిసారి వాడు ఫోన్లో "దగ్గర్లోనే ఉన్నా, వస్తున్నా" అంటే ఆ పిల్ల గభాల్న లేచి తెర మీంచి మాయమైపోయింది. చూస్తే, పోయి చెప్పులేసుకుని వచ్చింది! మేమంతా నవ్వాం. ఆ సాయంత్రమంతా గేటు దగ్గరే కూర్చుందని మరుసటి నెల అక్కడి అనాథాశ్రమం ఆయా చెప్పింది. అప్పుడు కూడా నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది.

తర్వాత "ఎక్కడిదాకా వచ్చారు?" అని అడిగేది. మావాడు, "దగ్గర్లోనే" అనేవాడు. ఇరుక్కున్నవాళ్ళకి టైము చెప్పకూడదు కదా! ఆ మాట ఒక అరగంట మనిషిని నిలబెడుతుంది, ఏళ్ళ తరబడి నిలబెట్టదని వాడికి తట్టలేదు. నాకూ తట్టలేదు. పిల్లకి పాలపళ్ళు ఊడి కొత్తవొచ్చాయి. అడగడం మానేసింది. వాడు "వస్తున్నా" అంటే తల దించుకుని జడ కొస నములుతూ కూర్చునేది. "సిగ్గు పడుతోంది" అంది మరదలు. కాబోసు అనుకున్నాం.

చివరికి ఫైళ్ళు కదిలాయి. ప్రయాణానికి పెట్టె కూడా సర్దుకున్నారు. అప్పుడు ఆఫీసరమ్మ చల్లగా చెప్పింది, ఆ దేశంలో ఒక వయసు దాటిన పిల్లల్ని జడ్జి పిలిచి "వెళ్తావా?" అని అడుగుతాడట. మేం మొదలెట్టినప్పుడు గుండుకి ఆ వయసు చాలా దూరం. కాగితాలకి గడువు తీరినట్టే దాని పసితనానికీ తీరిపోయింది, అంతే. "మాట వరసకి అడుగుతారండీ" అంది ఆఫీసరమ్మ.

జడ్జి అడిగిన రోజు నేను వాళ్ళ వంటింట్లోనే ఉన్నాను. ఫోను గట్టు మీద పెట్టి అందరం వింటున్నాం. పిల్ల జడ్జికి చెప్పిన మాటని రికార్డు చేసింది ఆఫీసరమ్మ వినిపించింది. సన్నటి గొంతు, తొణక్కుండా ఏదో అంది. తెలుగులోకి మార్చే అమ్మాయి నోరు తెరవకముందే మావాడి మొహం పాలిపోయింది. వాడి మాటే వాడికి తిరిగొచ్చింది మరి.

"ఆయన దగ్గర్లోనే ఉన్నా, వస్తున్నా అంటాడు. రాడు. నేను వెళ్ళను."

మరదలు పొయ్యి కట్టేసింది. "పోనీ, మేమే ఒక్కసారి వెళ్ళి కనబడితే?" అంది. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు పైకి లేచింది.

"ఫైలు మూసేశారండీ. పిల్ల కాదంటే అక్కడ ఇంకెవరూ ఏమీ చెయ్యలేరు. ఇంకో పిల్ల కోసం పెడదామన్నా ఇప్పుడు మీ వయసు..."

నేనే ఫోను పెట్టేశాను. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రాలేదు. ఎలా వస్తుంది? అది అన్నదాంట్లో తప్పేముంది?

వాళ్ళు పెట్టె విప్పలేదు. వెనక గది తలుపు వేసేశారు. మావాడు పనికి పోతున్నాడు, వస్తున్నాడు, కంచంలో చెయ్యి కడుగుతున్నాడు. మూగనోము పట్టినట్టు ఎవరితోనూ మాటలేదు.

మొన్న మధ్యాహ్నం మా మేడలో కరెంటు పోయింది. మోకాళ్ళ నొప్పులదాన్ని, మెట్లెక్కలేక లిఫ్టెక్కి ఉన్నానేమో, చీకట్లో ఇరుక్కున్నాను. ఫోను చేస్తే వాడు ఊఁ అన్నాడు. చాలాసేపటికి తాళాల గలగల వినబడింది. తలుపు మీద వేళ్ళతో కొట్టాడు. ఇప్పుడంటాడని చూశాను. అనలేదు. అడుగుల చప్పుడు మెట్ల మీదుగా పైకి పోయింది.

"ఒరేయ్! వస్తున్నానని ఒక్క మాట అనరా! అబద్ధమైనా సరే, అనరా!" అని గొంతు చించుకున్నాను. పైనుంచి మిషను చక్రం చేత్తో తిప్పుతున్న కిర్రుకిర్రు తప్ప ఇంకేం లేదు. లిఫ్టు కొంచెం కొంచెంగా కదిలి ఆగింది.

వాడు కిందికి దిగి తలుపు తెరిచాడు. టార్చి నేల మీద పెట్టి, గ్రీజు చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడన్నాడు. ఆ దేశపు మాట, దాచుకున్న ఆ రెండో మాట. వచ్చేశాను.

"వచ్చావురా నాయనా, వచ్చావు" అన్నాను. వాడు నా చెయ్యి వదల్లేదు.