అగ్ని దిగిన శుక్రవారాలు

ఆరేళ్ళ నుంచి ఒక మాట నా గుండెల మీద రుబ్బురోలు పొత్రంలా కూర్చుంది. మీరు మా ఊరివారు కారు కాబట్టి మీతో చెబుతున్నాను. మా ఊళ్ళో చెప్పే ధైర్యమే ఉంటే ఇలా కాగితం పట్టుకుని కూర్చునేదాన్నా?

మాది కొల్లేటి పక్క ఊరు. మా ఆయనది చేపల చెరువు మీద కాపలా పని. నాది అయిదో తరగతి చదువు. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. క్రిస్మస్ నెల, శుక్రవారం ఉపవాస కూడిక. ఆడవాళ్ళందరం శాలువాలు కప్పుకుని మందిరంలో కూర్చున్నాం. అయ్యగారు, అదే మా పాస్టరుగారు, పైనుంచి దిగే అగ్ని గురించి చెబుతున్నారు. ఉన్నట్టుండి నా రొమ్ము కింద నుంచి ఒక వేడి లేచింది. మెడకెక్కింది, చెవులకెక్కింది. జాకెట్టు తడిసి వీపుకి అంటుకుపోయింది. శాలువా తీసి అవతల పడేసి లేచి నిలబడ్డాను. "మంట, మంట" అన్నాను. పక్కావిడ "స్తోత్రం" అంది. ఇంక మందిరమంతా స్తోత్రమే.

నేను అబద్ధమాడలేదండి. మంట వచ్చిన మాట నిజం. ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు మాత్రం ఏం తెలుసు?

అది మొదలు నేనేం చేసినా భక్తే అయింది. నిద్ర పట్టక లైటు వేసుకుని కూర్చుంటే, ప్రార్థనలో గడుపుతోందన్నారు. ఊరికే ఏడుపొస్తే, ఆత్మల భారం అన్నారు. పులుసులో రెండుసార్లు ఉప్పేస్తే, లోకం మీద ధ్యాస లేదన్నారు. మా ఆయన మీదికి గరిటె విసిరినందుకు మాత్రం ఎవరికీ వాక్యం దొరకలేదు. ఆయనే తీసి, కడిగి పెట్టారు. మందిరంలో ముందు వరసలో నాకంటూ ఒక చాప పడింది.

ఏడాది తిరిగేసరికి గుండె దడ మొదలైంది. తాడేపల్లిగూడెంలో ఉండే మా అక్క నన్ను ఏలూరు తీసుకెళ్ళి ఒక డాక్టరమ్మకి చూపించింది. ఆవిడ గుండె చూసింది, బాగానే ఉందంది. నెలసరి ఎలా వస్తోందని అడిగింది. రెండు నెలలు రాదు, ఒక నెల వస్తుందన్నాను. "ముట్లుడిగే వయసమ్మా. ఈ ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, దడ, కోపం, మతిమరుపు అన్నీ దానివే. చాలామందికి వస్తాయి. ఏడాదిపాటు ఆగిపోయి మళ్ళీ కనబడితే మాత్రం వెంటనే రండి" అంది.

"నాకు మందిరంలోనే ఎక్కువండీ" అన్నాను.

"గాలాడని చోట ఎక్కువే ఉంటుందమ్మా" అంది.

బస్సులో వస్తూ కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. వచ్చే శుక్రవారం లేచి చెప్పెయ్యాలి. చెప్పేస్తే చాప? పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ ముందు కూర్చోబెట్టింది లేదు, పెళ్ళిలో కూడా ఫోటోకి మా ఆడపడుచు అడ్డం నిలబడింది. చెప్పలేదు.

ఇంతవరకే అయితే నవ్వుకునేదాన్ని. తప్పు తర్వాత చేశాను.

మా తోడికోడలు మరియమ్మ గోడ అవతలే ఉంటుంది. నాకన్నా రెండేళ్ళు చిన్న. ఒకరోజు పొయ్యి దగ్గరికి వచ్చి నా పక్కన కూర్చుంది. మొహం అంతా ఎర్రగా ఉంది.

"అక్కా, నాకూ మంట వస్తోంది."

"ఎక్కడ?"

"మందిరంలో అయితే నిన్ను అడుగుతానా? చేపలు తోముతుంటే వస్తోంది. నీది పైనుంచి దిగిందన్నారు గదా. మరి నాది కిందనుంచి ఎక్కుతోందా?"

నాకు నవ్వు రావాలి. రాలేదు. దాని కళ్ళల్లో భయం అలాంటిది. డాక్టరమ్మ మాట ఒక్కటి చెబితే పోయేది. నా నోట్లో నాలిక ఉంది, నాలిక మీద ఆ మాటా ఉంది. "ప్రార్థన చేసుకో మరియా" అన్నాను.

"పాపం ఒప్పుకుంటే తగ్గుద్దేమో. నీ గంపలో గుడ్లు తీసింది పిల్లి కాదక్కా. నేనే."

మూడేళ్ళు తిట్టాను ఆ పిల్లిని. గోనెలో కట్టించి గణపవరంలో వదిలేయించాను కూడా. అయినా పెద్ద మనసున్నదానిలా మరియమ్మ తల మీద చెయ్యి పెట్టి "క్షమించాను" అన్నాను. ఎవరు ఎవర్ని క్షమించాలి చెప్పండి?

అది నలభై రోజులు పొద్దుగూకేదాకా మంచినీళ్ళు ముట్టలేదు. ఒకరోజు చెరువు గట్టు మీద తట్టతో సహా కళ్ళు తిరిగి పడిపోయింది. చేపలు ఏరిన వాళ్ళు ఏరారు, దాన్ని నేను ఎత్తాను. అప్పుడు కూడా చెప్పలేదు. రెండేళ్ళకి దాని ఆవిర్లు వాటంతట అవే తగ్గిపోయాయి. అది కూడికలో లేచి, అక్క ప్రార్థన వల్లే నా మంట ఆరిందని సాక్ష్యం చెప్పింది. ముందు వరసలోంచి స్తోత్రం అన్నది నేనే.

అప్పట్నుంచి వారానికి నాలుగు గుడ్లు పంపుతుంది, పాత తప్పుకి. నేను తింటున్నాను.

ఇవాళ కూడా పంపింది. గిన్నెలో అలాగే ఉన్నాయి, ముట్టబుద్ధి కావడం లేదు. గోడ అవతల అది చేపలు తోముతున్న చప్పుడు వినబడుతోంది. ఇంత రాసేసరికి నా జాకెట్టు తడిసి వీపుకి అంటుకుంది. నాకు ముట్లుడిగి మూడేళ్ళయిందండి. ఈ చెమట దానిది కాదు.