పెద్దమ్మ కడిగిన మేడ

మొన్న మా పై వాటా వాళ్ళు బాల్కనీ కడిగితే మా హాలు కప్పుకి చెమ్మ దిగి అరచేయంత మరక పడింది. మా కోడలు దాన్ని చూసి, పెయింటు వేయిస్తే పోతుందిలెండి అని తేలిగ్గా అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది గానీ నేను మాత్రం దాని కింద కూర్చోలేకపోయాను. కుర్చీ అవతలకి లాక్కుని కూర్చున్నాను కూడాను. తడిసిన కప్పు కింద నిలబడటమంటే ఏమిటో ఈ కాలం పిల్లలకేం తెలుసు, మీకైతే చెప్పుకోవచ్చు.

అరవైల చివర నేను విజయనగరంలో ఆడపిల్లల బడిలో కొత్తగా డ్రాయింగు టీచరుగా చేరి, మా పెదనాన్న ఇంట్లో ఉండేదాన్ని. ధాన్యం వర్తకం చేసుకునే మనిషికి పాత కట్టడాల పిచ్చి ఎలా పట్టుకుందో దేవుడికే తెలియాలి. వారసులు లేని ఒక జమీందారీ కుటుంబం తమ మేడని ఊరికి వదిలేసి పోతే, నలుగురు పెద్దమనుషులు కమిటీగా కూడి, కింది గదుల్లో పల్లకీలూ గంగాళాలూ పటాలూ పెట్టి మ్యూజియం చేశారు. ఆ కమిటీకి కార్యదర్శి మా పెదనాన్న. కొట్లో కూర్చున్న సేపు కంటే ఆ మేడలో తిరిగిన సేపే ఎక్కువ.

ఆ మేడ కింది హాలుకి కప్పంతా టేకు దూలాలే. వాటి మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి, గానుగ సున్నంతో గచ్చు చేసి పై అంతస్తుకి నేల కట్టారు. తర్వాతి తరం వాళ్ళు సోకు కోసం దూలాలు కనబడకుండా కింద చెక్క పట్టీలు కొట్టించి సున్నం పూయించడంతో, లోపల ఏముందో చూసినవాళ్ళు లేకుండా పోయారు. దూలాలకి చెద పట్టిందని, ఇవాళో రేపో కూలుతుందని ఊళ్ళో పుకారు. ఆ స్థలంలో దుకాణాలు కట్టించాలని ఆశపడ్డవాళ్ళు ఆ పుకారుని పెంచి పోషించారు. చివరికి విశాఖపట్నం నుంచి ఒక ఇంజనీరు వచ్చి చూస్తాడనీ, ఆయన పనికిరాదంటే పడగొట్టేయడమేననీ తేలింది. పెదనాన్నకి అన్నం సహించడం మానేసింది.

ఇంజనీరు వచ్చే రోజునే పెదనాన్న ఊరందరినీ మేడకి పిలిచారు. తన మేడని తను చూసుకోని ఊరికి పై ఊరివాడెవడో వచ్చి ఎందుకు నిలబెడతాడని ఆయన వాదన. పెరట్లో ఎద్దుని కట్టి సున్నం గానుగ తిప్పించారు. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి గోడకి ఎలా మెత్తుతారో తాపీవాళ్ళ చేత చేయించి చూపించారు. మా బడిపిల్లలు ఆ తలుపుల నగిషీలూ కమానులూ చూసి బొమ్మలు గీస్తే, నేను వాటిని కింది పెద్ద హాల్లో తాళ్ళు కట్టి వేలాడదీశాను.

ఆ ఉదయం పెదనాన్న స్టేషనుకి వెళ్ళారు. అదే అదనుగా మా పెద్దమ్మ వీధిలో ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని మేడెక్కింది. రామతీర్థం దగ్గర రైతు కుటుంబంలో పుట్టిన మనిషి, చుట్టం గడప తొక్కే ముందు ఇల్లు కడగకపోతే తల కొట్టేసినట్టుండేది ఆవిడకి. ఏమిటీ హడావిడి అని నేను కింద నుంచి కేకేస్తే, "పెద్దమనిసి వస్తాడంటే దుమ్ములో కూకోబెడతామేటే? నువ్వు నీ బొమ్మలు సూసుకో!" అని కసిరింది. బిందెలకి బిందెలు గుమ్మరించి, చీపుళ్ళతో రుద్ది, గడపలకి పసుపు రాసి దిగొచ్చి, చెంగుతో మొహం తుడుచుకుంటూ మురిసిపోయింది. పైన గచ్చు ఏళ్ళ తరబడి నెర్రెలిచ్చి ఉందన్న సంగతి పాపం ఆవిడకేం తెలుసు!

ఇంజనీరుని వెంటబెట్టుకుని పెదనాన్న వీధి గుమ్మంలోకి వచ్చేసరికి హాలు జనంతో కిటకిటలాడుతోంది. అప్పుడే నా భుజం మీద ఒక చుక్క పడింది. తలెత్తితే ఇంకోటి నుదుటి మీద. కప్పు నడుమ సున్నం ఉబ్బి పొట్టలా కిందికి దిగి ఉంది. అరుద్దామంటే భయం, జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడితే పిల్లలు నలిగిపోతారు. అరవకుండా ఊరుకుందామన్నా భయమే. పిల్లల్ని చెయ్యి పట్టి ఒక్కొక్కరినే వరండాలోకి నెట్టసాగాను. పెదనాన్న నా మొహం చూసి, కప్పు చూసి, నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయారు. ఇంజనీరుని పల్లకీల గదివైపు మళ్ళించబోయారు గానీ ఆయన అప్పటికే పైకి చూస్తున్నారు. అందరూ మెల్లగా బయటికి నడవమని, గొంతు పెంచకుండానే చెప్పారు.

చివరి మనిషి గడప దాటాడో లేదో, సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడింది. పెరట్లో ఊరంతా కొయ్యబారిపోయింది. "ఎంత పని సేసినావే!" అన్నారు పెదనాన్న, తడిసి ఉన్న పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు చూసి. ఆయన పెద్దమ్మని నలుగురిలో ఒక్క మాట అనగా నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఆవిడ తిన్నగా ఇంజనీరు ముందుకెళ్ళి రెండు చేతులూ జోడించింది.

"బాబూ, నీల్లు నానే పోసినాను. మనిల్లే కదా అని కడిగీసినాను. తప్పు నాది, ఇంటిది కాదు. పడగొట్టీమనకు బాబూ!" అంటూ భోరుమంది.

ఆయన తిరిగి హాల్లోకి నడిచారు. నిచ్చెన వేయించుకుని ఎక్కి, సున్నం ఊడి బయటపడ్డ దూలాల్ని జేబుకత్తితో పొడిచి చూడటం మొదలుపెట్టారు. ఒక దూలం, ఇంకో దూలం. కత్తి దిగితే మేడ పోయినట్టే. ఆ దుమ్ములోనే నిచ్చెన జరిపించుకుంటూ ఆయన గోడవారకి చేరారు. చాలాసేపటికి కిందికి దిగి, గోడలోకి దిగిన ఒక్క దూలం కొస మాత్రం చెద తినేసిందని, దాన్ని మార్చి పైన గచ్చు కొత్తగా చేయించమని, తక్కిన టేకుకి ఇంకో వందేళ్ళు ఢోకా లేదని చెప్పారు. పెదనాన్న అక్కడే అరుగు మీద చతికిలబడిపోయారు.

ఆ సాయంత్రం రాలిన సున్నమంతా ఆడవాళ్ళే చేటలతో ఎత్తిపోశారు. పెదనాన్న కూడా ఓ చేట పట్టుకుని, పెద్దమ్మ పక్కన కూర్చుని ఎత్తారు.

పోయిన ఏడాది వెళ్ళి చూసొచ్చాను. బాగానే ఉంచారు, కాదనను. టికెట్టుంది, కాపలా ఉంది, కాలేజీ పిల్లలు ఫోటోలు దిగుతున్నారు. తెలివైన ఏర్పాట్లే అన్నీ, అప్పటి మా మొరటు ప్రేమలకంటే మేడకి అవే క్షేమం కూడానేమో. అయినా నాకు బెంగగానే ఉంది. ఆ రోజు తమది కాని ఒక కప్పు నిలుస్తుందో లేదోనని ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని పెరట్లో నిలబడింది. రేపు ఆ మేడకి మళ్ళీ ఏదైనా వస్తే పేపర్లో చదివి అయ్యో అనుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. మనిల్లు అని ఎవరి ముందైనా చేతులు జోడించి ఏడ్చే పెద్దమ్మ మాత్రం ఒక్కతీ లేదు.