చిన్నాన్న బండికి తాత వేసిన పడవ రంగు

నా చిన్నప్పుడు ఓ సాయంత్రం, మా దీవుల్లోని బతు బస్తీలో మా ఇంటి ముందుకి సీటు లేని మోటార్ సైకిల్ ఒకటి వచ్చింది... నిజంగానే సీటు లేదు. దారిలో ఎవరో కొట్టేసి ఉంటారని నానమ్మ తెగ బాధపడిపోయింది.

అది మా చిన్నాన్న బండి. ఆయన డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక మెకానిక్ షాపులో పనిచేసేవాడు. ట్రయల్స్ అనే పోటీ కోసం చేసిన బండి అట, ఎవరో వాడి అమ్మేస్తే మద్రాసు నుంచి ఓడలో తెప్పించుకున్నాడు. ఆ పోటీలో స్పీడుతో పనిలేదు. రాళ్ళూ దుంగలూ ఎక్కి దిగాలి, కాలు మాత్రం నేలకి ఆనకూడదు. కూర్చునే పనే లేదు కాబట్టి సీటూ లేదు.

పొద్దు వాలే వేళ... మా దీవుల్లో అది తొందరగానే వాలిపోతుంది... చిన్నాన్న కొబ్బరి చెట్ల మధ్య పడి ఉన్న దుంగ మీదకి బండి ఎక్కించి అక్కడే ఆగిపోయేవాడు. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నేను వసారాలో కూర్చుని ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. చీకటి పడే కొద్దీ దుంగ కనబడేది కాదు, చిన్నాన్న ఒక్కడే గాల్లో నిలబడి ఉండేవాడు. ఇప్పటికీ నా కలల్లోకి అలాగే వస్తాడు.

తాతకి మాత్రం ఆ బండి కంటికి ఆనేది కాదు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి, ఇక్కడ చేపల వేట మీద ఇల్లు నిలబెట్టిన మనిషి ఆయన. చిన్న కొడుకు పడవ ఎక్కనని మెకానిక్ షాపులో చేరిన రోజు నుంచి అతనితో మాటలు బంద్. ఏదన్నా చెప్పాలంటే మధ్యలో నేనే టెలిఫోన్‌ని.

"ఓలే, మీ సిన్నాన్నకి బువ్వ సల్లారిపోతందని సెప్పు" అనేవాడు... చిన్నాన్న పక్క పీట మీదే కూర్చుని ఉన్నా సరే.

ఇంతలో క్వారీ వైపు గుట్టల మీద పోటీ పెడుతున్నారని తెలిసింది. చిన్నాన్న కాళ్ళు నేల మీద ఆగలేదు. కానీ ఒక మెలిక ఉంది. ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకి మామూలు రోడ్డు మీదే వెళ్ళాలి, కాబట్టి బండికి ఇన్సూరెన్స్ లేకపోతే పోటీలోకి రానివ్వరు. ఈ బండి పాత ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. కొత్తది ఇవ్వాలంటే ఆఫీసు నుంచి మనిషి వచ్చి బండిని చూడాలి. బండి చట్రం మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు తీసుకుని వెళ్ళాలి.

ఆ మనిషి రేపు వస్తుందనగా నేను బడి నుంచి వచ్చేసరికి బండి మొత్తం నీలంగా మెరిసిపోతోంది! తాత చేతిలో కుంచె, ఒంటి నిండా మరకలు.

"ఉప్పుగాలి ఇనుముని తినేస్తది. అందుకే ఏసినాను. మీ సిన్నాన్నకి సెప్పు" అన్నాడు నాతో.

మా పడవలున్న ఇళ్ళల్లో అంతే మరి... ఉప్పుగాలి తగిలే ప్రతిదానికీ పడవకి మిగిలిన రంగు పూసేస్తారు. కిటికీ ఊచలు, మడత కుర్చీ, నానమ్మ ట్రంకు పెట్టె అన్నీ ఆ నీలమే. చిన్నాన్న వచ్చి బండి చుట్టూ తిరిగి చూసుకున్నాడు. అన్నం తింటున్నంతసేపూ తనలో తనే నవ్వుకున్నాడు. అది చూసి నాకెంత సంతోషమేసిందో.

మర్నాడు కరుణ దీదీ వచ్చింది. ఇన్సూరెన్స్ ఆఫీసులో పని, ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడేది, మా దీవుల్లో అందరిలాగే హిందీ కలిపి మాట్లాడేది. హ్యాండిల్ కింద వంగి, అటు చూసి ఇటు చూసి తల పట్టుకుంది.

"అరే భయ్యా, నంబర్ కహా హై? అంతా రంగే కదా! కొంచెం గీకెయ్, అచ్చు తీసుకుని పోతాను."

పడవ రంగంటే మాటలా... రెండు పూతలు దట్టంగా! నంబరు దాని కింద ఎక్కడో కూరుకుపోయింది.

చిన్నాన్న కదలలేదు. బండి మీద చెయ్యి వేసి, మెల్లగా అన్నాడు. "రహనే దో దీదీ, వదిలెయ్. మా అయ్య ఏసిన రంగు ఇది. నేను గీకను. ఈ పాలికి పోటీ వద్దులే."

నాకు ఏడుపొచ్చేసింది. ఎన్నాళ్ళ కల అది! దీదీ బ్యాగు సర్దుకుంటోంది. అప్పుడు వసారాలోంచి తాత లేచాడు. ఒక చేతిలో పడవ అడుగు గీకే రేకు, ఇంకో చేతిలో కిరసనాయిలు గుడ్డ.

"ఏటేటా పడవ గీకి మళ్ళీ ఏసుకోమేటి? రంగంటే ఉండిపోడానికేటిరా... బండి కదలకుండా పట్టు" అన్నాడు.

నాతో కాదు. చిన్నాన్నతో.

ఇద్దరూ బండికి చెరో పక్కనా కూర్చున్నారు. తాత గుడ్డతో నానబెట్టి, సున్నితంగా గీకుతున్నాడు. చిన్నాన్న పట్టుకుని ఉన్నాడు, కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు పాపం. నంబరు బయటపడ్డాక దీదీ పెన్సిల్ నా చేతికిచ్చింది. రుద్దుతుంటే కాగితం మీద అంకెలు ఒక్కొక్కటే తేలుతూ వచ్చాయి... నానమ్మ దీదీకి చేపల పులుసు పెడితే గానీ పంపలేదు.

పోటీలో చిన్నాన్నకి ఏ బహుమతీ రాలేదు. చివరి రాయి దగ్గర కాలు కింద పెట్టేశాడు. తాత మాత్రం ఇంటికొచ్చే దారంతా ఆ రాయినే తిడుతూ వచ్చాడు, చిన్నాన్న పక్కనే నడుస్తూ.

తాత ఇప్పుడు లేడు. మొన్న నా స్కూటీకి ఇన్సూరెన్స్ కట్టాను... ఫోన్‌లో నాలుగు ఫోటోలు పంపితే టీ చల్లారే లోపు వచ్చేసింది. ఎంత హాయి! కానీ ఇంటికి ఎవరూ రాలేదు. అలిగి కూర్చున్న ఇద్దరి మధ్యకి, ఏదో ఒక పని మీద, బయటి మనిషి ఒకరు రావడం ఉండేది చూశారూ... అది ఇప్పుడు ఏ ఫోన్‌లో దొరుకుతుంది?

మీ ఇంట్లో ఎవరి అలక, ఎవరు వచ్చినప్పుడు తీరింది? కింద రాయండి... అన్నీ చదువుతాను.