మడతక్క ఫస్ట్ క్లాసు

ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు మడతపెడుతున్న ఆమెను సొంత పేరు పెట్టి పిలిస్తే ఎవరూ పలకరు, ఆమె కూడా పలకదు. అందరికీ ఆమె మడతక్క. ఆమె మడిచిన దుప్పటికి నాలుగు మూలలూ ఎంత బుద్ధిగా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయంటే, ఆపరేషన్ థియేటర్ నర్సులు ఇంకొకరు మడిచినవి తిప్పి పంపేస్తారు. కళ్ళు మూసుకుని బట్ట తడిమి, ఇది పిల్లల వార్డుది, ఇది కాన్పుల వార్డుది అని చెప్పేస్తుంది. లెక్క మాత్రం ఇరవై దాకానే. ఇరవై కాగానే ఒక కట్ట కట్టి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క కట్టయినా తప్పిందని ఎవరూ అనలేదు.

చదువంటారా, మూడో తరగతిని ఆమె చదివినంత క్షుణ్ణంగా ఎవరూ చదివి ఉండరు. నాలుగేళ్ళు చదివింది. టీచర్లు మారారు గాని ఆమె బెంచీ మారలేదు. రెండేళ్ళు చిన్నదైన చెల్లెలు వెనకనుంచి వచ్చి, ఒక ఏడాది పక్కనే కూర్చుని, దాటి వెళ్ళిపోయింది. ఆ చెల్లెలి ఇంట్లోనే ఇప్పుడు మడతక్క ఉంటోంది.

ఈ ఏడు ఆస్పత్రిలో కొత్త నియమం వచ్చింది. పనివాళ్ళంతా రాతపరీక్ష పాసవ్వాలి, లేదా వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ తేవాలి. రెండూ లేనివాళ్ళు నెలాఖరుకి ఇంటికి. రాతపరీక్ష మాట ఎత్తే పనే లేదు. ఇక మిగిలింది సర్టిఫికెట్. దానికి సైకాలజిస్టు తెలివి పరీక్ష పెడుతుంది. స్కోరు డెబ్బై లోపు రావాలి, రోజువారీ బతుకులో ఇంకొకరి ఆసరా కావాలని కూడా తేలాలి. అంటే పని నిలవాలంటే తెలివి తక్కువని రుజువు చేసుకోవాలి. మడత పేచీ అంటే ఇదే.

వారం రోజులు ఇంట్లో డెబ్బై, డెబ్బై అన్న జపమే.

“వదినా, ఏమడిగినా తెలీదని చెప్పెయ్,” అన్నాడు చెల్లెలి మొగుడు భోజనం దగ్గర.

“తెలిసినవి కూడానా?”

“ముఖ్యంగా తెలిసినవే.”

“చిన్నప్పుడు తెలీదంటే తిట్టేవాళ్ళు. ఇప్పుడు తెలిసినా తెలీదనాలా? అదేం పరీక్ష మరిదీ?”

అతను కూర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. చెల్లెలు తలెత్తలేదు. అక్క పరీక్ష తప్పాలని మొక్కుకుంటున్నందుకు ఆమెకు లోపల్లోపల సిగ్గుగా ఉంది.

పరీక్ష రోజు మడతక్క తెల్లారకముందే లేచి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, రెండు పెన్నులు పట్టుకుని తయారైంది. “ఒకటి ఆగిపోతే?” అంది. పెన్ను అవసరమే ఉండదని చెప్పడానికి చెల్లెలికి నోరు రాలేదు.

సైకాలజిస్టు సౌమ్యురాలు. మాట్లాడకూడదన్న షరతు మీద చెల్లెల్ని వెనక కుర్చీలో కూర్చోనిచ్చింది.

“కుర్చీకి, బల్లకి పోలిక ఏమిటండీ?”

“రెండిటికీ కాళ్ళున్నాయి, రెండూ నడవవు.”

“మరి దుప్పటికి, తువ్వాలుకి?”

మడతక్క అదిరిపడింది. “వాటికి పోలికేంటి మేడమ్! ఆ రెండూ కలిపేస్తే మా సూపర్‌వైజర్ ఊరుకుంటారా?”

“సరే. నేను కొన్ని అంకెలు చెప్తాను, మీరు వెనక్కి చెప్పాలి. ఏడు, రెండు, అయిదు.”

మడతక్క లేచి, కుర్చీ వెనక్కి తిప్పి, గోడకేసి కూర్చుని గట్టిగా చెప్పింది: “ఏడు, రెండు, అయిదు!” ఒక్క అంకె పొల్లుపోలేదు. వెనక కుర్చీలో చెల్లెలికి ఆమె ముఖం ఎదురుగా కనిపించింది, గెలిచినట్టు వెలిగిపోతూ. చెల్లెలు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించింది.

రంగు చెక్కలతో బొమ్మ పేర్చమంటే, ముందు చెక్కలన్నిటినీ రుమాలుతో తుడిచింది. తుడవడానికే టైమంతా అయిపోయింది.

తర్వాత ప్రశ్నలు చెల్లెలికి.

“ఈవిడ ఒక్కరే బస్సులో వెళ్ళగలరా?”

“వెళ్ళలేదండీ,” అంది చెల్లెలు గబగబా.

“అబద్ధం!” అంది మడతక్క. “రోజూ వెళ్తున్నాగా. నీలం బస్సు.”

“నీలం బస్సు రాకపోతే?”

“వచ్చేదాకా నిలబడతాను. ఓసారి పని అయ్యాక చీకటి పడేదాకా నిలబడ్డాను. ఆ రోజు మా రూటుకి ఎర్ర బస్సు వేశారట. ఎవరూ చెప్పలేదు.”

“ఎవరైనా కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే?”

“పెడతాను. పాపం, అడిగారుగా.”

సైకాలజిస్టు ఆ రెండు జవాబులూ రాసుకుంది. ఆ సాయంత్రం సంగతి చెల్లెలికి కూడా ఇప్పుడే తెలిసింది. ఎందుకు ఆలస్యమైందని ఆ రోజు తను అక్కను కసిరినట్టు కూడా గుర్తొచ్చింది.

వారం తర్వాత పిలుపు వచ్చింది.

“స్కోరు అరవై ఆరు,” అంది సైకాలజిస్టు. “మిగతావి కూడా చూశాను. సర్టిఫికెట్ ఇస్తున్నాను. అయిదేళ్ళకి మళ్ళీ ఒకసారి రావాలి.”

చెల్లెలు గట్టిగా ఊపిరి వదిలింది. పని నిలిచింది.

“అరవై ఆరా!” మడతక్క కుర్చీలోంచి లేచిపోయింది. “అరవై దాటితే ఫస్ట్ క్లాసే కదా!”

“ఇది అలాంటి మార్కు కాదండీ...” అని సైకాలజిస్టు మొదలుపెట్టింది.

“తెలుసు మేడమ్. చాలా కష్టమైన పరీక్ష.”

సైకాలజిస్టు సర్టిఫికెట్‌ను ఆమె రెండు చేతుల్లో పెట్టింది.

వరండాలోకి వచ్చాక మడతక్క ఉన్నట్టుండి చిన్నబోయింది. చెల్లెలి చెయ్యి పట్టుకుంది. “పాపం, మీరంతా డెబ్బై అనుకున్నారు. ఎంత ఆలోచించినా అంత రాలేదే. ఏమీ అనుకోకు.”

బడిలో ప్రతి ఏడూ ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న చెల్లెలు, ఆ మాటకు అక్క భుజం మీద తల పెట్టి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా భోరుమంది.

“ఊరుకో, ఊరుకో,” అని వీపు నిమిరింది మడతక్క. “అయిదేళ్ళకి మళ్ళీ పెడతారటగా. అప్పుడు తప్పకుండా తెస్తాను.”