మస్టర్ల లెక్క

మా బాపు డబ్బును రూపాయల్లో లెక్కపెట్టేవాడు కాదు, మస్టర్లలో లెక్కపెట్టేవాడు. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయిలోకి ఒకరోజు పనికి దిగితే ఒక మస్టర్ పడ్డట్టు. సైకిల్ ఆరు మస్టర్లు, టీవీ నలభై, అవ్వ కాళ్ల పట్టీలు పదిహేను. ఎన్నిసార్లు దిగితే ఏ వస్తువు ఇంట్లోకి వచ్చిందో ఆయనకు నోటికి ఉండేది. నేను కరీంనగర్‌లో ఎమ్మెస్సీ గణితంలో చేరినప్పుడు కూడా ఫీజు రసీదు చేతిలో పట్టుకుని, కాసేపు పెదవులు కదిపి, "పన్నెండు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. గణితం విలువ తెలియని మనిషి అనుకున్నాను. ఇరవై రెండేళ్ల వయసులో అలాంటివి అనుకోవడానికి ఖర్చేమీ ఉండదు.

రెండో ఏడాదిలో ఉండగా బాపు అన్‌ఫిట్ అయ్యాడు. మోకాళ్లు పోయాయి, ఊపిరి సరిగ్గా అందడం లేదు. ఇక బాయిలోకి దిగొద్దని డాక్టర్లు రాసిచ్చారు. అలా అన్‌ఫిట్ అయిన కార్మికుడి పిల్లల్లో ఒకరికి అప్పట్లో నౌకరి ఇచ్చేవారు. ఒక్కరికే. మేము ఇద్దరం అన్నదమ్ములం. తమ్ముడు ఇంటర్ పాసై, ఐటీఐలో చేరాలా డిగ్రీలో చేరాలా అని మంచిర్యాల చుట్టూ తిరుగుతున్నాడు. పెద్దవాణ్ని కాబట్టి ఆ నౌకరి నాకే అని కాలనీలో అందరూ ఖాయం చేసేశారు. బాపు మాత్రం నన్ను పిలిపించి, పక్కన మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు లెక్కలు సదివినవ్ గద బిడ్డా. ఓ కాయిదం మీద రాసియ్యి. గీ నౌకరి జేస్తె ఎంత, గా సదువు పూర్తి జేస్తె ఎంత. ఏది ఎక్కువైతె గదే జేద్దాం."

ఆ మధ్యాహ్నమే క్వార్టర్ వరండాలో కూర్చుని రెండు వరుసలు గీశాను. ఎడమవైపు బాయి నౌకరి, కుడివైపు ఎమ్మెస్సీ. ముప్పై ఏళ్ల జీతాలు మస్టర్లలోకి మార్చి, జబ్బు పడే రోజులు తీసేసి, నిజాయితీగానే రాశాను. నౌకరి గెలిచింది. తేడా కూడా చిన్నదేమీ కాదు.

ఆ కాయితం చించేసి ఇంకోటి రాశాను. ఈసారి కుడివైపు ఒక్క చిన్న మార్పు చేశాను. పాసైన మరుసటి ఏడే నాకు ప్రభుత్వ లెక్చరర్ ఉద్యోగం వస్తుందని రాసుకున్నాను. రావచ్చు అని కాదు, వస్తుంది అని. ఆ ఏడాది మాకు సంభావ్యత మీద ఒక పూర్తి పేపరు ఉంది. తప్పక జరిగేదానికే ఒకటి వేయాలని, జరుగుతుందో లేదో తెలియనిదానికి అంతకంటే తక్కువే వేయాలని మొదటి పాఠంలోనే చెబుతారు. నేను ఒకటి వేశాను. చదువు తొమ్మిది వందల మస్టర్ల తేడాతో గెలిచింది.

గణితం మీద ప్రేమతో అలా చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమ లేదని కాదు. కానీ అసలు సంగతి వేరు. అంతకు రెండేళ్ల ముందు దసరాకి, ఆయుధ పూజ రోజున, కార్మికుల పిల్లల్ని బాయి మూతి దాకా రానిచ్చారు. దారి ఏటవాలుగా లోపలికి దిగి, కొంత దూరం తర్వాత నల్లగా అయిపోయింది. లోపలి నుంచి వెచ్చటి గాలి వచ్చి మొహానికి తగిలింది. నేను గబుక్కున వెనక్కి జరిగాను, చేతిలోని కొబ్బరి చిప్ప కింద పడింది. బాపు వంగి తీసి, తుడిచి, మళ్లీ నా చేతిలో పెట్టాడు. పక్కనే తమ్ముడు ప్రసాదం తింటున్నాడు. వీడికేం పట్టదు, అదృష్టవంతుడు అనుకున్నాను.

బాపుకు చదవడం రాదు, అంకెలు మాత్రం గుర్తుపడతాడు. నేనిచ్చిన కాయితం చాలాసేపు చూసి, నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో వేసుకున్నాడు. రెండు రోజుల తర్వాత చెప్పాడు.

"నువ్వు సదువుకో బిడ్డా. సిన్నోడు బాయిల దిగుతడు."

ప్రభుత్వ ఉద్యోగం నాకు రాలేదు. ఒకసారి అర మార్కుతో పోయింది, ఒకసారి కోర్టు కేసుతో పోయింది, ఆ తర్వాత వయసుతో పోయింది. ఇరవై అయిదేళ్లుగా కరీంనగర్‌లో ప్రైవేటు జూనియర్ కాలేజీల్లోనే చెబుతున్నాను. వేసవిలో సగం జీతం, కొన్నిచోట్ల అదీ లేదు. అలాగని ఏడ్చుకుంటూ బతకలేదు. బోర్డు మీద నేను పది వరుసల్లో చేసిన లెక్కను వెనక బెంచీ పిల్ల లేచి మూడు వరుసల్లో చేసి చూపిస్తే, ఆ రోజంతా నాకు ఆకలి కూడా వేయదు. కాకపోతే ఆ ఆనందాన్ని మా ఇంటి ఓనరు అద్దె కింద జమ కట్టుకోడు.

కరోనా ఏడాది కాలేజీ మూతపడి నెలల తరబడి జీతం రాలేదు. అప్పుడు మమ్మల్ని నిలబెట్టింది తమ్ముడే. అడగకముందే ఫోన్లో డబ్బు వేసేవాడు. వేసిన ప్రతిసారీ దాన్ని మస్టర్లలోకి మార్చి చూసుకునేవాణ్ని. వాడు ఎన్నిసార్లు దిగితే మా ఇంట్లో పొయ్యి వెలిగిందో నాకు నోటికి వచ్చేసింది.

బాపు పోయి ఆరేళ్లయింది. ఈ వేసవిలో ఒక ఆదివారం తమ్ముడు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పిల్ల ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకుని తమ్ముడు సంగతి చెప్పాడు.

"అన్నా, గప్పుడు బాపుకు రాసిచ్చినవ్ గద, గట్లనే నాకో కాయిదం రాసియ్యి. ఇదేమో బీయస్సీ లెక్కలే అంటది. నేనేమో కంప్యూటర్ ఇంజనీరింగ్ అంటున్న. రేపటి దాకనే టైముంది. కాయిదం ఏది జెప్తె గదే."

"పెద్దబాపూ, జర మంచిగ రాయి" అంది పిల్ల. నేను తన పక్షమే అని దాని ధీమా.

లోపలి గదిలో కూర్చుని మళ్లీ రెండు వరుసలు గీశాను. ఈసారి ఎక్కడా ఒకటి వేయలేదు. నాతో ఎమ్మెస్సీ చేసిన పద్దెనిమిది మందినీ తలుచుకున్నాను. సర్కారు ఉద్యోగం ముగ్గురికి వచ్చింది. ఒకడికి జగిత్యాలలో ఎరువుల దుకాణం ఉంది, ఒకడు దుబాయ్‌లో గోదాం చూసుకుంటున్నాడు, మిగతావాళ్లం నాలాగే. ఇంజనీరింగ్ వరుసలో కూడా ఉద్యోగం రానివాళ్లని గుర్తుపెట్టుకుని కోత వేశాను. అయినా లెక్కల డిగ్రీ పన్నెండు వందల మస్టర్లు తక్కువ పడింది. పిల్ల మొహం చూడకుండా కాయితం తమ్ముడికి ఇచ్చాను. అది లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తమ్ముడు వేలు పెట్టి మెల్లగా చదివాడు.

"గప్పుడు సదువు గెలిచింది గదనే. గిప్పుడెట్ల ఓడింది?"

ఇక దాచడానికి చోటు లేదు. "బాపుకు నేను తప్పు లెక్క రాసిచ్చిన తమ్మీ. తెలిసే రాసిన. బాయిల దిగుడంటె భయమైంది."

లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వాడు గ్లాసులో మిగిలిన మజ్జిగ తాగాడు.

"ఎరుకే" అన్నాడు. "బాపు గా కాయిదం మస్టర్లు రాసే క్లర్కుకు సూపిచ్చిండు. 'మీవోడు సర్కార్ నౌకరి జేబుల వెట్టుకున్నట్టె రాసిండు' అని గాయన నవ్విండట. బాపు ఇంటికొచ్చి నాతోని అన్నడు. 'పెద్దోడు భయపడ్డడు. భయపడ్డోన్ని దింపితె ఆడు ఆగమైతడు, పక్కోన్ని ఆగం జేస్తడు. నువ్వు దిగుతవా?' అన్నడు. నేను దిగుత అన్న."

ఇన్నేళ్లూ వాళ్లిద్దరికీ తెలుసు. నా ప్రతి ఇంక్రిమెంటు గొప్పలూ, సర్కారు పరీక్షల కబుర్లూ తెలిసే విన్నారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నీకు భయం గాలేదా?" అన్నాను.

"ఎందుకు గాలే? గా దసర నాడు నీ పక్కనే ఉన్న గద. నాకూ భయమే అయింది. నాకు లెక్క రాయరాలే, గంతే."

కోపంగా అనలేదు. టైమెంత అయిందని అడిగినంత మామూలుగా అన్నాడు.

వాడు కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కూతుర్ని పిలిచాడు.

"నీకు ఇంజనీరింగ్ అంటె భయమా బిడ్డా?"

"భయమేం లేదు బాపు. నాకు లెక్కలంటె ఇష్టం."

"అయితె లెక్కలే వెట్టుకో." తర్వాత నా వైపు తిరిగాడు. "తక్కువవడ్డ మస్టర్లు నేను దిగుత తియ్. ఇంక పదిహేనేండ్ల సర్వీసుంది."

"సగం నావి" అన్నాను.

"నువ్వేడ దిగుతవే!" అని వాడు పెద్దగా నవ్వాడు. పిల్లా నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతోనే.

మర్నాటి నుంచి సాయంత్రాలు ఇంటి దగ్గర ట్యూషన్ మొదలుపెట్టాను. పది మంది పిల్లలు వస్తారు. ఒక సాయంత్రం ఒక మస్టర్ కాదని నాకు తెలుసు. వచ్చే ఫీజు ప్రకారం నాలుగు సాయంత్రాలకు ఒకటి వేసుకుంటున్నాను. నా వాటా ఆరు వందలు. నిన్నటికి పదకొండు పడ్డాయి, ఇంకా అయిదు వందల ఎనభై తొమ్మిది ఉన్నాయి.