పంటు నోట మంట

అబ్దుల్ మజీద్ గారికి ఎడమ కనుబొమ లేదు. ఏలూరులో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్న మొదటి ఏడాదే కాలిపోయిందట. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఒంటి మీద ఇంకో వెంట్రుక పోనివ్వలేదు. ఖాళీ డ్రమ్ముకి మాటు వెయ్యమన్నా సరే, ముందు నీళ్లతో నింపమనేవారు. అందుకే ఊళ్లో పిరికివాడని పేరు. ఆయన సిలిండర్లు మోసే ట్రాలీ ఆటో నాది. పదో తరగతి మూడుసార్లు తప్పానే గానీ, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా నాలా బండి తోలేవాడూ లేడు, నాలా కోతలు కోసేవాడూ లేడు.

రెండు వేల నాలుగు మే నెలలో కొల్లేటికోట నుంచి అబ్బాయిరాజు గారు కబురు పెట్టారు. చెరువులకు చేపల మేత దాటించే పంటు ఆయనది. పంటంటే పైన కూడా రేకు మూసిన రెండు ఇనప పడవల మీద బల్లలు పరిచి కట్టింది. ఒక పడవకి కొక్కెం ఊడిపోయింది. అతికించాలి, అంతే.

గట్టుకి లాగిన ఆ పడవ పక్కనే నాగరత్నం గుడిసె. కాళ్లు పడిపోయిన మనిషి, వాకిట్లో మంచం మీదుంది.

మజీద్ గారు పడవను సుత్తితో తట్టి, పైనున్న రెండు మూతల్లో ఒకటి కొంచెం తిప్పి వాసన చూశారు.

"ఎప్పుడు బిగించారండీ దీన్ని?"

"నిరుడు వరదకి మునిగిందండి. నీళ్లు తోడి మూసేశాం," అన్నారు అబ్బాయిరాజు గారు.

"చేపపిల్లలూ, గుర్రపుడెక్కా లోపలే కుళ్లాయి. అంతా గ్యాసే. నీళ్లతో నింపందే నేను వెల్డింగు టార్చి వెలిగించనండి."

"ఒక్క కొక్కేనికి కొల్లేరంతా తోడాలా?" అని నవ్వారు రాజుగారు.

గట్టు మీద నీళ్లు తోడే డీజిలింజను పెట్టి, ఒక పైపు కొల్లేట్లోకి వదిలాం. రెండో పైపు ఒక మూత తీసి అందులో దూర్చి చుట్టూ తడిగోనె కుక్కి, రెండో మూత తీశాం. నీళ్లు లోపలికి పోతుంటే అటునుంచి గ్యాసు బుస్సుమంటోంది. ఆ బుస వినగానే నాకు హుషారొచ్చింది.

"బాబాయ్, అచ్చం ఇలాంటి డ్రాగన్ ఒకటి ఈ కొల్లేట్లో ఉంది. నేను చూశాను," అన్నాను మజీద్ గారితో.

"చూశావులే. మంటెలా కక్కుతుందిరా?"

"గేదెకున్నట్టు పొట్టలో అరలు. ఒకదాంట్లో చేపలు కుళ్లుతాయి, ఇంకోటి గ్యాసు సంచి. పళ్లు చెకుముకి రాళ్లు. దవడ కొడితే నిప్పురవ్వ. నోరు కాలకుండా లోపల నత్తగుల్ల పూత."

"మరి ఆ మంట వెనక్కిపోయి పొట్ట పేలదూ?"

"పేలదు బాబాయ్, అది డ్రాగన్ కదా!"

"అంతా ఊపిరి ఊపులో ఉందిరా. మంట వెనక్కెళ్లే వేగంకన్నా గ్యాసు బయటికొచ్చే వేగం ఎక్కువుండాలి. ఊపిరి తగ్గేలోపు గొంతు బిగించెయ్యాలి. అది చేతకాని డ్రాగన్లు పిల్లప్పుడే పేలిపోయుంటాయి."

ఆ మాట పూర్తవుతుండగానే వెనక అగ్గిపుల్ల గీసిన చప్పుడు. రాజుగారు చుట్ట ముట్టిస్తున్నారు.

"పారెయ్యండి!"

అప్పటికే భగ్గుమంది. మూత నోట్లోంచి రెండడుగుల నీలిమంట లేచింది.

"ఇంజను ఆపండ్రా!" రాజుగారు కేక వేశారు.

"ఆపితే అందరం పోతాం! నీళ్లు ఆగితే మంట లోపలికెళ్తుంది!" అంటూ మజీద్ గారు పైపు దగ్గరికి ఉరికి, గోనెను రెండు చేతులా అదిమిపట్టారు. మంటకి ఆయనకి బారెడు దూరం.

"బాబూ, నన్నిక్కణ్ణుంచి ఎత్తండి బాబూ!" నాగరత్నం మంచం మీద అరుస్తోంది. రాజుగారు కదల్లేదు, నిలబడిపోయారు.

ఇంజను మోత మారింది. మంట అడుగున్నరైంది. అడుగైంది.

"నీళ్లలో పైపుకి డెక్క చుట్టుకుందిరా! దూకు!"

దూకాను. నడుం లోతు నీళ్లు, కింద బురద. గుర్రపుడెక్క వేళ్లు పైపు మూతికి జడలా అల్లుకున్నాయి. చేతులతో పీకాను, పళ్లతో కొరికాను. గట్టు మీద ఏమవుతోందో కనపడదు, మోతే వినపడుతోంది. అది టకటకమంటూ ఆగబోయింది. చివరి వేరు తెగింది. మోత మళ్లీ నిండుగా అందుకుంది.

తల పైకెత్తేసరికి మంట మళ్లీ నిటారుగా ఉంది. కాసేపటికి మూతలోంచి నల్లటి నీళ్లు చిమ్మాయి. చుయ్యిమని మంట ఆరిపోయింది.

మజీద్ గారు పావుగంట నీళ్లు పారనిచ్చారు. పడవ పొడుగునా సుత్తితో తట్టి, చెవి ఆనించి విని, అప్పుడు టార్చి అందుకున్నారు.

"మజీద్ గారూ, ఇంకాసేపు నీళ్లు పొయ్యమంటారాండీ?" అన్నారు రాజుగారు, ఎప్పుడు పరుగెత్తారో గానీ, గుడిసె అవతల నుంచి. నాగరత్నం మంచం మాత్రం వాకిట్లోనే ఉంది.

మజీద్ గారు టార్చి వెలిగించి కొక్కెం అతికించారు. సిలిండర్లు బండెక్కించేదాకా నేనే వణుకుతూ ఉన్నాను. మే నెలైతే మాత్రం ఏం, కొల్లేటి నీళ్లు మహా చల్లగా ఉంటాయండీ.